చనిపోయినాయన లాగిన్

మా యార్డు సర్వర్ మార్చడానికి చెన్నై నుంచి వచ్చిన ఇంజనీరు మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోవాలన్న ఆలోచనా లేదు. ఈ వయసులో అంత కోపం బీపీకి మంచిది కాదంటాడు డాక్టరు. ఆ కోపం లేకపోతే నేనెప్పుడో మంచాన పడి ఉండేవాణ్ణని ఆయనకు తెలియదు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే పనితో మొదలుపెట్టాను. కంప్యూటర్లు వచ్చి ఆ అక్షరాలు తూకానికి అమ్ముడుపోయిన రోజున నాతోటి వాళ్లు ఒకడు హోటలు పెట్టుకున్నాడు, ఒకడు రొయ్యల గుంటల కాపలాకు పోయాడు. నేను మాత్రం పాత పుస్తకాల కొట్లో అట్ట లేని కంప్యూటరు పుస్తకం ఒకటి కొని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీకి మూడు రోజులు పట్టినా వదలకుండా చదివాను. నాకెవరూ నేర్పలేదు. నేర్పమని అడిగితే నవ్వినవాళ్లు ఇద్దరున్నారు, వాళ్ల మొహాలు ఇప్పటికీ గుర్తే.

కృష్ణపట్నం రేవు పెద్దదై, ముత్తుకూరు దారంతా బొగ్గు లారీలతో నిండుతున్న కొత్తల్లో ఒక సరుకు రవాణా సంస్థ యార్డులో ప్రింటర్లు చూసుకునే పని దొరికింది. కాంట్రాక్టు పనే. ఏటేటా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇంకో ఏడాది ఉండమనేవాళ్లు. అలా పదిహేనేళ్లు ఉన్నాను.

ప్రింటర్లు చూసుకోవడమంటే ఇంకు నింపడం అనుకుంటారు జనం. యార్డులో ఎవరు ఏ కంప్యూటరు మీద ప్రింటు కొట్టినా ఆ పని ముందు సర్వర్‌కు వస్తుంది. ఎవరి కాగితం ఏ ప్రింటరుకు పోవాలి, ఎవరికి ఏ ప్రింటరు మీద హక్కుంది, ఏది ముందు ఏది వెనక అన్నది ఆ సర్వర్ మీదున్న సాఫ్ట్‌వేరు తేలుస్తుంది. ఆ సాఫ్ట్‌వేరులో ప్రతి నియమమూ నేను పెట్టిందే. కొన్ని నియమాలు ఎందుకు పెట్టానో నాకు తప్ప ఎవరికీ తెలియదు. దీన్ని గొప్పగా చెబుతున్నానని అనుకోవద్దు. జరిగినదంతా అందులోంచే వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాటా దగ్గరి ప్రింటరు. లారీ ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి కాటా ఎక్కుతుంది. రెండోసారి దిగాక చీటీ వస్తుంది. మూడు పొరల కార్బన్ కాగితం మీద సూదులతో పొడిచి అచ్చు వేసే పాత రకం ప్రింటరది. తెల్ల పొర డ్రైవరుకు, గులాబీ పొర గేటు వాచ్‌మన్‌కు, పసుపు పొర ఆఫీసుకు. గులాబీ పొర చేతికి రాకుండా మా వాచ్‌మన్ గేటెత్తడు. ఒకసారి కంపెనీ పెద్దల కారు లారీ వెనక ఇరుక్కుని ఉంటే కూడా ఎత్తలేదు.

మొదట్లో కాటా చూసింది ఒక పెద్ద సూపర్‌వైజరు గారు. పాత సాఫ్ట్‌వేరులో ఆ ప్రింటరు మీద మూడు పొరల చీటీ కొట్టే హక్కు ఆయన లాగిన్‌కు మాత్రమే ఉండేది. ఆయన రిటైరయ్యాక కాటాకు ఒకామె వచ్చింది. వాళ్ల పొలం థర్మల్ ప్లాంటులో పోయింది. ఇంటికొక ఉద్యోగమని చెప్పి, ఏళ్ల తరబడి తిప్పి, చివరికి మా యార్డులో ఈ కాంట్రాక్టు పని ఇచ్చారు. ఆమెకు కొత్త లాగిన్ కావాలని నేను హైదరాబాదు హెడ్డాఫీసుకు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను, అన్నాళ్లూ చీటీలు చేత్తో రాసి నెట్టుకొస్తూ. లేదు. మూడోసారి రాసిన రోజున కాటా మీద ఎరువు లారీ, దాని వెనక ఇంకో పది లారీలు నిలబడి ఉన్నాయి.

"ఎట్టన్నా? డ్రైవర్లు తిడుతుండారు," అన్నది ఆమె.

"పెద్దాయన లాగిన్‌తోనే కొట్టమ్మా. నేను చూసుకుంటాలే," అన్నాను.

ఆ మాట నాదే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

ఆ రోజు నుంచి కాటా మీద ఆ లాగిన్‌తోనే చీటీలు. చీటీ అడుగున పెద్దాయన పేరు రెండు పొడి అక్షరాల్లో పడేది. లారీ వాళ్లు అది మా కాటా పేరే అనుకునేవాళ్లు. "ఆ కాటాలో తూకం కరెక్టుగా ఉంటాదబ్బా," అని ఆ రెండక్షరాలు చెప్పి మెచ్చుకున్న డ్రైవర్లను నేనెరుగుదును. రెండేళ్లకు పెద్దాయన పోయాడు. నేను వెళ్లి చూసి వచ్చాను. మర్నాడు పొద్దున్నుంచీ ఆయన పేరు మీద చీటీలు మామూలుగా వస్తూనే ఉన్నాయి. అందులో వింతేమిటో మాకెవరికీ తోచలేదు. యార్డులో అది పద్ధతి అయిపోయింది.

ఇక కొత్త సాఫ్ట్‌వేరు. పాత సర్వర్‌కు దాన్ని తయారు చేసిన కంపెనీ మద్దతు ఇక ఉండదని, అన్ని యార్డులకూ ఒకే కొత్త ప్రింటు సాఫ్ట్‌వేరు పెడుతున్నామని హెడ్డాఫీసు నుంచి ఒక మేనేజరు, ఆయన వెంట ఈ ఇంజనీరు దిగారు. మార్చాల్సిన అవసరం లేదని నేనెప్పుడూ అనలేదు. ఆ సర్వర్ ఎండాకాలంలో ఎంత మూలిగేదో నాకన్నా ఎవరికి తెలుసు? నా అభ్యంతరం మనుషుల మీద.

ఇంజనీరు సర్వర్ గదిలోకి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, ముందు మిషను వైపు, తరవాత నా వైపు చూశాడు.

"తాతా, దీన్ని మ్యూజియంలో పెట్టాలి."

మేనేజరు నవ్వాడు. నేను తాతనే. నాకు మనవలున్నారు. వాళ్లు పిలుస్తారు. జీతం తీసుకుని వచ్చిన మనిషి నన్ను అలా పిలవడానికి లేదు. కాటా ఆమె, వాచ్‌మన్, కాంటీను వాడు అందరూ అన్నా అనే పిలిచేవారు.

నేను కాటా ప్రింటరు సంగతి ఎత్తాను. ఆ చీటీ మామూలు కాగితంలో సగం పొడవే ఉంటుంది. ఆ కొలత సర్వర్‌లో చేత్తో నమోదు చేస్తే తప్ప ప్రింటరుకు తెలియదు.

"అదంతా సిస్టమే చూసుకుంటుంది తాతా. ఇప్పుడు ఒకటే ప్రింటర్ డ్రైవర్ అన్నిటికీ."

"సిస్టంకు మా చీటీ సంగతి తెలీదు నాయనా."

"ఇంకా డాట్ మ్యాట్రిక్స్ వాడేది మీరేనేమో ప్రపంచంలో," అన్నాడు తలెత్తకుండా.

"మూడు పొరల మీద ఒక్క దెబ్బకు అచ్చు పడే ఇంకో మిషను నువ్వు తెచ్చినావా? తెచ్చుంటే చూపీ," అన్నాను.

అప్పుడు మేనేజరు కల్పించుకుని నాతో, "పెద్దాయనా, మీకు తెలిసిందంతా ఒక ఎక్సెల్ షీటులో పెట్టి ఇచ్చేయండి. ఆ తరవాత మేం చూసుకుంటాం," అన్నాడు. పదిహేనేళ్లు ఒక షీటులో. పెట్టి ఇచ్చాను, రెండు రోజులు కూర్చుని. ఏ ప్రింటరు ఎక్కడుంది, ఏ షెడ్డులో బొగ్గు దుమ్ముకు ఎన్నాళ్లకోసారి శుభ్రం చెయ్యాలి, ఏది ఎవరి పనికి, అన్నీ. ఇంజనీరు నా కళ్లెదుటే సగం వరసలు చెరిపేశాడు. "ఇవి వద్దు తాతా, ఇది డేటా కాదు, కథ," అన్నాడు.

ఆఖర్న వాడే అడిగాడు. ఇది నేను దాచడం లేదు.

"ఇంకేమన్నా ఉందా? షేర్డ్ లాగిన్లు, స్పెషల్ యూజర్లు, అట్లాంటివి?"

సరైన ప్రశ్న. ఆ వారం రోజుల్లో వాడు అడిగిన ఒకే ఒక్క సరైన ప్రశ్న. కొత్త సాఫ్ట్‌వేరు ఉద్యోగుల జాబితాలో పేరున్న వాళ్లకే ప్రింటు ఇస్తుందని అప్పటికే చెప్పాడు. చనిపోయినాయన ఆ జాబితాలో ఉండడు. కాటా ఆగిపోతుంది. నాకంతా తెలుసు. వాడి మొహం చూశాను. కుర్చీలో వెనక్కి వాలి, ఫోను చూసుకుంటూ, నా జవాబు అవసరం లేనట్టు కూర్చున్నాడు.

"ఏమీ లేదు," అన్నాను.

నా లెక్క చాలా చిన్నది. కాటా ఆగుతుంది. లారీలు ముత్తుకూరు రోడ్డు దాకా నిలబడతాయి. వీళ్లు పరిగెత్తుకుంటూ నా దగ్గరకు వస్తారు. అప్పుడు కుర్చీ చూపించి, కూర్చోమని, నెమ్మదిగా చెబుతాను. ఆ దృశ్యం ఎన్నిసార్లు తలుచుకున్నానో. కాటా ఆమె ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఆదివారం పాత సర్వర్ ఆపి కొత్తది పెట్టారు. ఇంజనీరు తన లాగిన్‌తో కాటా ప్రింటరు మీద పరీక్ష చేశాడు. చీటీ సగంలో ఆగి, ఖాళీ కాగితం అంతా బయటికి తోసింది. మళ్లీ కొట్టాడు. అచ్చు చిల్లుల గీత మీద పడింది. మూడోసారి కొట్టి నా దగ్గరకు వచ్చాడు.

"తాతా, ఆ సైజు ఎంత?"

"స్కేలుంది కదా, కొలుచుకో."

కొలుచుకున్నాడు. నాలుగోసారికి సరిపోయింది. నా మనసు కొంచెం చల్లబడింది. అసలుది రేపుంది అనుకుంటూ ఇంటికి పోయాను.

సోమవారం పొద్దున ఎనిమిదికి ఆమె మామూలుగా పెద్దాయన లాగిన్ కొట్టి కూర్చుంది. మొదటి బొగ్గు లారీ సరుకుతో కాటా దిగింది. ఆమె ప్రింటు కొట్టింది. కంప్యూటరు పంపినానంది. ప్రింటరు కదలలేదు. మళ్లీ కొట్టింది. కొత్త సాఫ్ట్‌వేరు ఆ పనిని తిరస్కరించి, తిరస్కరించినట్టు ఆమెకు ఒక్క ముక్క చెప్పకుండా ఊరుకుంది. పాతది అయితే కనీసం ఎర్ర గుర్తు చూపేది.

ఆమె నా గదికి పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, చీటీ రాలేదు. ఏంది కథ?"

"నాకేం తెలుసు? కొత్త సాఫ్ట్‌వేరోళ్లను అడుగుపో."

"నీకు తెలీకపోడమేంది?"

"ఇప్పుడు నాదేముందమ్మా ఈడ. వాళ్లనడుగు."

ఆమె వెళ్లిపోయింది. నేను టీ తెప్పించుకున్నాను. కిటికీలోంచి లారీల హారన్లు వినిపిస్తున్నాయి. ఒక డ్రైవరు కాటా గది ముందు నిలబడి, "ఏమ్మే, చీటీ అచ్చేస్తుండావా, చేత్తో నేస్తుండావా?" అని అరుస్తున్నాడు. ఇంకొకడు, "పోర్టులో ఓడన్నా ఖాళీ అవుతాది గానీ ఈ కాటా కదలదు సామీ," అన్నాడు. నేను టీ తాగుతున్నాను. ఆ టీ రుచి కూడా నాకు గుర్తుంది. బాగుంది.

నా దగ్గరకు ఎవరూ రాలేదు.

ఇంజనీరు ప్రింటు పనులన్నీ నమోదయ్యే లాగ్ తెరిచి చూశాడు. తిరస్కరించిన పనులన్నిటి పక్కనా ఒకే పేరుంది. ఈ పేరు ఎవరిదని మేనేజరు హెడ్డాఫీసుకు ఫోను చేశాడు. ఆ మనిషి చనిపోయి చాలా ఏళ్లయిందని చెప్పారు. అక్కడితో సంగతి సాఫ్ట్‌వేరు దాటి పోయింది. చనిపోయినవాడి పేరుతో కాటా మీద ఏళ్ల తరబడి తూకం చీటీలు కొడుతున్నారు అంటే ఆ మేనేజరుకు తట్టింది ఒకటే: బొగ్గు దొంగతనం. ఇంజనీరు తన లాగిన్‌తో చీటీలు వదిలాడు. మధ్యాహ్నానికి రోడ్డు ఖాళీ అయింది. నేను ఎదురుచూసిన అడ్డంకి ఒక్క పూటలో తీరిపోయింది, అందులో నా అవసరం ఎవరికీ పడలేదు. కాటా ఆమె మెడలోని ఎంట్రీ కార్డు మాత్రం మేనేజరు తీసుకున్నాడు.

విచారణ అన్నారు. తప్పని తేలితే పోర్టు చుట్టూ ఉన్న యార్డులన్నిటికీ పేరు పంపిస్తామన్నారు. దాని అర్థం మాకు తెలుసు. అలా పేరు పోయిన మనిషికి ఇక్కడ ఏ గేటూ కార్డు ఇవ్వదు. మా యార్డులోనే కాదు, నూనె ఫ్యాక్టరీలో, ప్లాంటులో, ఎక్కడా. పొలం పోయి ఆ ఇంటికి మిగిలింది ఆ కార్డొక్కటే.

ఆమెను గేటు బయట సెక్యూరిటీ బల్ల మీద కూర్చోబెట్టారు. సాయంత్రం నేను బయటికి పోతుంటే అక్కడే ఉంది. నా వైపు చూసింది. నేను బస్సు పోతున్నట్టు తొందరగా నడిచాను. బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది.

మర్నాడు వాచ్‌మన్ చెప్పాడు.

"లాగిన్ ఎవరిచ్చినారు అని ఆ సారు నాలుగు సార్లడిగినాడన్నా. ఈమె, మొదట్నుంచీ అదే సార్, అంటాది గానీ పేరు చెప్పదు. ఎందుకట్టా గమ్మునుండాదో."

ఎందుకో నాకు తెలుసు. నేను చూసుకుంటానన్నాను. చూసుకుంటాననే ఆమె అనుకుంటోంది.

ఆ రోజూ నేను పోలేదు. సిగ్గు పడవలసిందంతా ఆ రోజులో ఉంది. పొద్దుటి నుంచీ మేనేజరు గది ముందు మూడుసార్లు నడిచాను. మూడుసార్లూ లోపల ఇంజనీరు నవ్వు వినపడింది. ఆ నవ్వు ముందు తప్పు ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

మూడో రోజు పొద్దున ఇంట్లో పాత ఫైలు తీశాను. నేను ఏ ఉత్తరానికీ నకలు లేకుండా ఉంచను, ప్రెస్సులో పట్టిన అలవాటు. కొత్త లాగిన్ కావాలని హెడ్డాఫీసుకు రాసిన మూడు ఉత్తరాలు, పంపిన రసీదులతో సహా ఉన్నాయి. ఉత్తరాల మీద చిరునామా చూసుకున్నాను. ఆ రోజుల్లో ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో నాకు బాగా గుర్తు. ఇప్పుడు మా యార్డుకు వచ్చిన ఈ మేనేజరే.

లోపలికి పోయాను. ఇంజనీరును బయటికి పొమ్మన్నాను. ఆశ్చర్యం, పోయాడు.

"ఆ లాగిన్ ఇచ్చింది నేను. ఆమెకు ఏ సంబంధమూ లేదు," అన్నాను.

మేనేజరు పెన్ను కింద పెట్టాడు. "మరి మొన్న అడిగితే ఏమీ లేదన్నారు కదా పెద్దాయనా."

"అన్నాను. అబద్ధం చెప్పాను."

"మెయిల్‌లో రాసివ్వండి. ఇంగ్లీషులో."

"తెలుగులో చేత్తో రాసిస్తా. కావాలంటే నువ్వు మార్పించుకో."

ఆయనను నువ్వు అనడం అదే మొదలు. ఆయన పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పటికి నేను ఉత్తరాల నకళ్లు బల్ల మీద పెట్టాను. మొదటిది చదివాడు. రెండోదాని తేదీ చూశాడు. మూడోది ముట్టుకోలేదు.

"ఇవి రిపోర్టులో పెడితే విచారణ పెద్దదవుతుంది," అన్నాడు చివరికి. "హెడ్డాఫీసు నుంచి ఇంకొకళ్లు వస్తారు. నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆమెకు కార్డు ఇవ్వడం నా చేతిలో ఉండదు."

"ఇవి లేకపోతే?"

"పాత సర్వర్ చూసుకున్న మీ నిర్లక్ష్యం అని ఒక్క లైను. ఈ రోజే మూసేస్తాను. రేపు ఆమె డ్యూటీకి రావచ్చు. మీ కాంట్రాక్టు మాత్రం..."

"అది నాకు తెలుసులే."

పదిహేనేళ్లలో నా దగ్గర ఒకడిని నేరుగా పట్టుకునే కాగితం ఉన్నది ఆ ఒక్కసారే. నిర్లక్ష్యం అట. మూడుసార్లు రాసినవాడిది నిర్లక్ష్యం, మూడుసార్లు చదివి మూలన పడేసిన వాడిది రిపోర్టు. ఇంకో నెల, రెండు నెలలు నిలబడితే ఈయన సంగతి తేలిపోతుంది. నేను గెలుస్తాను. ఆమె అన్నాళ్లూ గేటు బయటి బల్ల మీద కూర్చుంటుంది, ఊళ్లో దొంగగా తిరుగుతుంది.

నకళ్లు బల్ల మీదే వదిలేశాను. మేనేజరు వాటిని సొరుగులో పెట్టి తాళం వేశాడు. తెలుగులో నా తప్పు రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. అక్షరాలు గుండ్రంగా, శుభ్రంగా రాశాను. నాది కాని తప్పుకు కూడా అందులో చోటిచ్చాను. అది నన్ను ఇవాళ్టికీ నిద్ర పోనివ్వదు.

నాలుగో రోజు నా కార్డు అప్పగించడానికి పోయాను. ఆమె కాటా గదిలో ఉంది. మెడలో కార్డుంది. ఇప్పుడు చీటీల అడుగున ఆమె పేరే పడుతోంది. ఆమెకు సొంత లాగిన్ పదిహేను నిమిషాల్లో చేసి ఇచ్చారట. పదిహేను నిమిషాల పని.

కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏదో ఒక మంచి మాట వస్తుందనుకున్నానేమో, ఒప్పుకోవాలి.

"అన్నా, ఒకటడుగుతా, నిజం చెప్పు," అన్నది ఆమె. "సోమవారం పొద్దున నేను నీ దగ్గరికి వచ్చినప్పుడు చీటీ ఎందుకు రాలేదో నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"తెలిసే నన్ను వాళ్ల కాడికి పంపించినావు."

"అవును."

"మూడు రోజులు ఆ బల్ల మీద కూర్చున్నానన్నా. వచ్చే పోయే లారీవోళ్లు, ఏం మే, ఎన్ని లారీలు మింగినావు అని అడిగినారు. మా అత్త అన్నం పెడతా పెడతా అడిగింది, నిజంగా ఏమన్నా తీసినావా అని. నువ్వు సోమవారం పొద్దున్నే ఒక్క మాట చెప్పుంటే ఇదంతా నేను పడేదాన్నా?"

"పడేదానివి కాదు."

"మీ మీ కోపాలు మీరు మీరు చూసుకోవాల గానీ, మజ్జెలో నేనేం చేసినా నీకు?"

నేను కాంట్రాక్టు పోయిన సంగతి చెబుదామనుకున్నాను. ఉత్తరాల సంగతి చెబుదామనుకున్నాను. రెండూ ఆమె అడిగినదానికి జవాబులు కావు. కాటా మీదకు లారీ ఎక్కింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"పో అన్నా, తూకం వెయ్యాల," అని ఆమె తెర వైపు తిరిగింది. నేను అక్కడ ఇంకాసేపు నిలబడ్డాను. ఆమె మళ్లీ చూడలేదు.